నల్లగొండ ఫోన్‌కు ముంబై లాగిన్

నల్లగొండ గడియారం సెంటర్‌లో నిలబడి ఫోన్‌లో ఫేస్‌బుక్ సెట్టింగ్స్ తెరిస్తే, మన అకౌంట్ ఎక్కడెక్కడ లాగిన్ అయి ఉందో చూపించే జాబితాలో నల్లగొండ పేరు కనిపించకపోవడమే మామూలు. హైదరాబాద్ కనిపిస్తుంది. ఒక్కోసారి చెన్నై, విజయవాడ, ముంబై కూడా కనిపిస్తాయి. ముంబై అన్న మాట చూడగానే గుండె గుభేలుమంటుంది. ఆ టెన్షన్‌లో పాస్‌వర్డ్ మార్చేసి, 'నా ఫేస్‌బుక్ హ్యాక్ అయింది, ఎవరు అడిగినా డబ్బులు పంపొద్దు' అని వాట్సాప్ స్టేటస్ పెట్టేవాళ్లు తక్కువేమీ లేరు. తీరా ఆరా తీస్తే ఆ ముంబై లాగిన్ చేతిలో ఉన్న ఫోన్‌దే అయి ఉంటుంది.

దీనికి రెండో వైపు కూడా ఉంది, ప్రమాదం అటువైపే ఎక్కువ. జాబితాలో ఉన్నవన్నీ హైదరాబాదే కదా, అన్నీ మనవేలే అని ఊరుకుంటారు. అందులో ఒకటి ఎప్పుడో దిల్‌సుఖ్‌నగర్‌లో ఇంటర్నెట్ సెంటర్‌లో తెరిచి వదిలేసింది కావచ్చు. మన పాత ఫోన్ కొనుక్కున్న మనిషిది కావచ్చు. ఊరి పేరు చూసి బెంబేలెత్తడం ఎంత పొరపాటో, ఊరి పేరు చూసి ధీమాగా ఉండటం అంతకన్నా పెద్ద పొరపాటు. ఆ జాబితాలో ఒక్కో వరుసలో పరికరం, ఊరు, సమయం, యాప్ లేదా బ్రౌజర్ పేరు ఉంటాయి. వీటిలో అన్నిటికన్నా తక్కువ నమ్మదగ్గది ఊరు. జనం మొదట చూసేది మాత్రం దాన్నే.

ఊరి పేరు ఎలా వస్తుంది

సోషల్ మీడియా కంపెనీలు ఈ జాబితాలో ఊరి పేరు రాసేది ప్రధానంగా ఐపీ అడ్రస్‌ను చూసి. ఫోన్ ఇంటర్నెట్‌లోకి ఏ నంబరుతో వచ్చిందో చూసి, ఆ నంబరు ఏ ప్రాంతానిదో ఒక పట్టికలో వెతికి, దొరికిన ఊరిని రాస్తాయి. అంటే అది అంచనా. మనిషి ఎక్కడ కూర్చున్నాడన్నది దానికి తెలియదు. ఆ మనిషి పంపిన డేటా టెలికాం కంపెనీ నెట్‌వర్క్‌లోంచి ఎక్కడ బయటికి వచ్చిందన్నదే తెలుస్తుంది. దేవరకొండలో తీసిన ఫోటో ముందు టవర్‌కు, అక్కణ్ణుంచి కంపెనీ లోపలి దారుల్లో ఏదో పెద్ద నగరంలోని గేట్‌వేకు చేరి, అక్కడ బయటి ఇంటర్నెట్‌లో కలుస్తుంది. జాబితాలో పడేది ఆ నగరం పేరు. పైగా టెలికాం లెక్కల్లో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ ఇప్పటికీ ఒకే సర్కిల్. మిర్యాలగూడ ఫోన్‌కు విజయవాడ పేరు వస్తే ఆశ్చర్యపోవాల్సింది ఏమీ లేదు.

దీని వెనక ఇంకో చిక్కు ఉంది. పాత పద్ధతి ఐపీ అడ్రసులు ప్రపంచం మొత్తానికి సుమారు 430 కోట్లే. ప్రాంతాలకు పంచడానికి కేంద్ర నిల్వలో ఉన్నవి 2011 ఫిబ్రవరితో అయిపోయాయి. ఆ ఏప్రిల్‌కే ఆసియా-పసిఫిక్ ప్రాంతం మామూలు కోటా కూడా అడుగంటింది. కొత్త పద్ధతి అడ్రసులు వచ్చాయి కానీ పాతవి ఇంకా పోలేదు. అందుకని మొబైల్ కంపెనీలు ఒక్క పాత అడ్రస్ వెనక ఎంతోమంది కస్టమర్లను ఉంచుతాయి. నకిరేకల్‌లో ఉన్న ఒకరు, నాగర్‌కర్నూల్‌లో ఉన్న ఇంకొకరు, హైదరాబాద్‌లో ఉన్న మూడో మనిషి ఒకే ఐపీ అడ్రస్‌తో ఫేస్‌బుక్ ముందు నిలబడొచ్చు. అదే ఫోన్ పొద్దున ఒక అడ్రస్‌తో, సాయంత్రం ఇంకో అడ్రస్‌తో వెళ్లొచ్చు. డ్యూయల్ సిమ్ ఫోన్‌లో డేటా ఒక సిమ్ నుంచి ఇంకో సిమ్‌కు మార్చినా, ఇంట్లో వైఫై నుంచి బయట మొబైల్ డేటాకు వచ్చినా ఊరి పేరు మారిపోవచ్చు.

ఈ పట్టికలు ఎంత గుడ్డిగా ఉండగలవో 2016లో అమెరికాలో బయటపడింది. ఐపీ అడ్రసుల లొకేషన్లు అమ్మే మాక్స్‌మైండ్ అనే కంపెనీ, 'అమెరికాలోదే గానీ ఎక్కడో తెలియదు' అనుకున్న అడ్రసులన్నిటికీ దేశం నడిమధ్య ఒక బిందువు పెట్టేసింది. ఆ బిందువు కాన్సాస్ రాష్ట్రంలో ఒక రైతు కుటుంబం పొలం మీద పడింది. 60 కోట్లకు పైగా అడ్రసులు ఆ ఒక్క పొలానికే చూపించేవి. ఏ మోసం జరిగినా, ఎవరి ఫోన్ పోయినా పోలీసులు, బాధితులు ఆ ఇంటికే వచ్చేవారు. ఆ ఇంటివాళ్లకు కొన్నేళ్లు ఏం జరుగుతోందో అర్థమే కాలేదు. సంగతి బయటికి వచ్చాక కంపెనీ ఆ బిందువును ఒక చెరువులోకి జరిపింది. చెరువు తలుపు ఎవరూ తట్టరు కదా.

మన డేటాను వేరే చోటి సర్వర్ గుండా పంపే వీపీఎన్ వాడేవాళ్లకు విదేశాల పేర్లు రావడం తెలిసిందే. ఓపెరా మినీ బ్రౌజర్ డేటా ఆదా చేయడానికి పేజీలను తన సర్వర్ల ద్వారా తెప్పిస్తుంది కాబట్టి దానిలో తెరిచినా ఎక్కడెక్కడివో పేర్లు పడొచ్చు. ఐఫోన్‌లో డబ్బు కట్టి ఐక్లౌడ్ వాడేవాళ్లు ప్రైవేట్ రిలే అనే సదుపాయం ఆన్ చేసుకుంటే సఫారీలో తెరిచిన సైట్లకు అసలు ఐపీ అడ్రస్ వెళ్లదు.

పరికరం పేరులోని తికమకలు

ఊరి తర్వాత జనం చూసేది ఫోన్ పేరు. ఇది ఊరికన్నా మెరుగైన సాక్ష్యమే. కానీ ఇందులోనూ తడబాటు ఉంది. యాప్‌లోంచి లాగిన్ అయితే చాలాసార్లు ఫోన్ మోడల్ వస్తుంది, కొన్నిచోట్ల షాపులో చెప్పిన పేరుకు బదులు మోడల్ కోడ్ వస్తుంది. ఆర్‌ఎంఎక్స్ అని మొదలైతే రియల్‌మీ, సీపీహెచ్ అంటే ఒప్పో, ఎస్ఎం అంటే శాంసంగ్, వీ అన్న అక్షరం పక్కన నాలుగు అంకెలుంటే వివో అయ్యే అవకాశం ఎక్కువ. షావోమీ ఫోన్లకు ఒక్కోసారి పొడుగాటి అంకెల వరుస తప్ప ఏమీ ఉండదు. ఆ కోడ్ చూసి 'ఇదేదో కొత్త మెషీన్, మనది కాదు' అనుకునే ముందు ఫోన్ సెట్టింగ్స్‌లో 'అబౌట్ ఫోన్' తెరిచి మోడల్ నంబరుతో పోల్చి చూడాలి. ఇంట్లో అమ్మ ఫోన్, తమ్ముడి ఫోన్ కూడా చూడాలి.

బ్రౌజర్‌లోంచి లాగిన్ అయినప్పుడు తికమక ఇంకా ఎక్కువ. వెబ్‌సైట్లు మనుషుల ఫోన్ వివరాలు లాగకుండా గూగుల్ 2023 నుంచి ఆండ్రాయిడ్ క్రోమ్‌లో ఒక మార్పు తెచ్చింది. ఏ కంపెనీ ఫోనైనా, ఏ వెర్షనైనా, క్రోమ్ తనను తాను 'ఆండ్రాయిడ్ 10', మోడల్ 'కె' అని మాత్రమే చెప్పుకుంటుంది. ఆండ్రాయిడ్ 14 ఉన్న కొత్త ఫోన్ వాడే మనిషికి జాబితాలో ఆండ్రాయిడ్ 10 కనిపించి, ఎవడో పాత ఫోన్‌తో దూరాడని అనిపించేది ఇందుకే. విండోస్ 11 కంప్యూటర్ కూడా బ్రౌజర్ మాటల్లో విండోస్ 10 లాగే ఉంటుంది. ఐప్యాడ్‌లో సఫారీ 2019 నుంచి తనను మ్యాక్ కంప్యూటర్‌గా చెప్పుకుంటోంది. ఇంట్లో మ్యాకే లేదు, మ్యాక్ ఎలా వచ్చింది అని తల పట్టుకునేవాళ్లు పిల్లల ఐప్యాడ్ గుర్తు తెచ్చుకోవాలి.

ఒకే ఫోన్ జాబితాలో రెండు మూడు సార్లు కనిపించడం కూడా సహజమే. ఒకసారి లాగిన్ అయి తెరిచి ఉంచిన ఒక్కో దారినీ సెషన్ అంటారు. యాప్ ఒక సెషన్. అదే ఫోన్‌లో క్రోమ్‌లో తెరిస్తే ఇంకో సెషన్. యాప్ తీసేసి మళ్లీ ఎక్కిస్తే మరొకటి. పాతది వెంటనే జాబితాలోంచి పోదు.

సమయమే గట్టి సాక్ష్యం

ఊరు అంచనా, పరికరం సగం నిజం. మిగిలింది సమయం. ఇది సర్వర్ తన గడియారంతో రాసుకున్నది కాబట్టి దీన్ని నమ్మొచ్చు. అయితే చదవడం రావాలి.

మొదటిది, 'చివరిసారి వాడిన సమయం' వేరు, 'లాగిన్ అయిన సమయం' వేరు. ఫోన్ జేబులో ఉన్నా యాప్ వెనక నుంచి నోటిఫికేషన్లు తెచ్చుకుంటూనే ఉంటుంది. అర్ధరాత్రి రెండింటికి మన ఫోన్ పేరు మీద కదలిక కనిపించినంత మాత్రాన ఎవరో దూరినట్టు కాదు. బీరువాలో పడి ఉన్న పాత ఫోన్‌ను పిల్లాడు ఆటల కోసం వైఫైకి కలిపినా, దానిలోని పాత ఫేస్‌బుక్ నిద్ర లేస్తుంది. రెండోది, మెయిల్‌లో వచ్చే లాగిన్ హెచ్చరికలు కొన్ని మన టైములో ఉండవు. యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) అని రాసి ఉంటే దానికి ఐదున్నర గంటలు కలపాలి. తెల్లవారుజామున 3 గంటలు అని ఉంటే అది మనకు ఉదయం ఎనిమిదిన్నర. ఆ ఎనిమిదిన్నరకు జడ్చర్ల బస్టాండులో ఫోన్ తెరిచింది ఎవరో గుర్తొస్తే కథ అక్కడితో సరి.

లాగిన్ అయిన సమయం మాత్రం జాగ్రత్తగా చూడాలి. ఆ రోజు ఎక్కడున్నాం, ఎవరికి ఫోన్ ఇచ్చాం, ఓటీపీ ఏదైనా వచ్చిందా, ఏదైనా లింకు నొక్కామా. ఎస్ఎంఎస్‌ల ఇన్‌బాక్స్‌లో ఆ తేదీకి వెళ్లి చూస్తే చాలా సంగతులు తేలిపోతాయి. ఆ నిమిషానికి ఓటీపీ వచ్చి ఉండి, దాన్ని వాడింది మనం కాకపోతే అనుమానం బలపడుతుంది.

పాస్‌వర్డ్ లేకుండానే లోపలికి

సెషన్ అన్నది ఎలా పనిచేస్తుందో తెలియకపోతే మిగతా జాగ్రత్తలన్నీ గాల్లో దీపాలే. పాస్‌వర్డ్ కొట్టి లోపలికి వెళ్లగానే సర్వర్ ఆ ఫోన్‌కో బ్రౌజర్‌కో ఒక టోకెన్ ఇస్తుంది. ఆర్టీసీ బస్‌పాస్ లాంటిది. పాస్ తీసుకునేటప్పుడే ఆధార్, ఫోటో అన్నీ అడుగుతారు. తర్వాత కండక్టర్ పాస్ చూసి వదిలేస్తాడు, ఫోటోతో ముఖం పోల్చి చూసే ఓపిక ఎవరికుంది? ఆ టోకెన్ ఎవరి చేతిలో ఉంటే వాళ్లే మీరు. వాళ్లను పాస్‌వర్డ్ అడగరు, ఓటీపీ అడగరు.

2018 సెప్టెంబరులో ఫేస్‌బుక్‌లో జరిగింది ఇదే. తమ ప్రొఫైల్ ఇతరులకు ఎలా కనిపిస్తుందో చూసుకునే సదుపాయంలోని లోపాన్ని పట్టుకుని దాడి చేసినవాళ్లు పాస్‌వర్డ్‌లు కాదు, టోకెన్లు ఎత్తుకెళ్లారు. మొదట 5 కోట్ల అకౌంట్లని ఫేస్‌బుక్ చెప్పింది, తర్వాత లెక్క 3 కోట్లకు తగ్గింది. ముందు జాగ్రత్తగా 9 కోట్ల మంది టోకెన్లను రద్దు చేసింది. ఆ రోజు మన దగ్గర కూడా చాలామందికి ఫేస్‌బుక్ ఉన్నట్టుండి లాగౌట్ అయి మళ్లీ పాస్‌వర్డ్ అడగడం వెనక కథ ఇదే. 2023 మార్చిలో కెనడాకు చెందిన లైనస్ టెక్ టిప్స్ అనే పెద్ద యూట్యూబ్ చానల్ కూడా ఇదే దారిలో చేజారింది. స్పాన్సర్‌షిప్ పేరుతో వచ్చిన ఫైలును ఉద్యోగి తెరవగానే బ్రౌజర్‌లోని టోకెన్లు బయటికి పోయాయి. పాస్‌వర్డ్‌తో పాటు ఇంకో కోడ్ కూడా అడిగే రెండంచెల భద్రత ఉన్నా ఆగలేదు. కంప్యూటర్లు, భద్రత గురించి రోజూ మాట్లాడే చానల్‌కే ఆ గతి పట్టింది.

అందుకే దొంగ టోకెన్‌తో వచ్చినప్పుడు కొత్త లాగిన్ హెచ్చరిక రాకపోవచ్చు. జాబితాలో కొత్త వరుస కూడా పడకపోవచ్చు. 'అనుమానాస్పద లాగిన్ ఏదీ లేదు, అయినా మెసేజ్‌లు పోతున్నాయి' అనే కేసులు ఉండేది ఇందువల్లే.

మన దగ్గర అసలు కారణాలు

హ్యాకర్ అనగానే టోపీ తొడుక్కుని చీకటి గదిలో కూర్చున్న మనిషి గుర్తొస్తాడు. ఉమ్మడి నల్లగొండ, పాలమూరు జిల్లాల్లో తెలియని సెషన్‌కు మామూలు కారణాలు ఇంతకన్నా చాలా సాదాగా ఉంటాయి.

జిరాక్స్ షాపు సంగతే తీసుకుందాం. కలెక్టరేట్ దగ్గరో, మీసేవ పక్కనో ఉన్న షాపు. చేతిలో పీడీఎఫ్ ఉంది, ప్రింట్ కావాలి. షాపతని నంబరుకు పంపితే సరిపోయేది, కానీ అతని ఫోన్ నిండిపోయింది, ఫైల్ దిగట్లేదు. 'వాట్సాప్ వెబ్ తెరవండన్నా' అంటాడు. మానిటర్ మీద నలుపు తెలుపు గళ్ల చదరం వస్తుంది, ఫోన్‌తో స్కాన్ చేస్తారు, ప్రింట్ వస్తుంది, పది రూపాయలిచ్చి బయటపడతారు. లాగౌట్ ఎవరికీ గుర్తుండదు, వెనక క్యూ ఉంది. ఇక ఆ కంప్యూటర్ వాట్సాప్‌లో 'లింక్డ్ డివైజెస్' కింద 'గూగుల్ క్రోమ్, విండోస్' అన్న పేరుతో ఉండిపోతుంది. ఫోన్‌కు తోడు నాలుగు పరికరాల వరకు ఇలా కలపొచ్చు. అసలు ఫోన్‌ను 14 రోజులకు మించి వాడకపోతే అవన్నీ తెగిపోతాయి. కానీ ఫోన్ రోజూ వాడేవాళ్లకు ఆ గడువు ఎప్పుడూ రాదు. మర్నాడు అదే కంప్యూటర్ ముందు కూర్చున్న కస్టమర్‌కు నిన్నటి మనిషి చాట్లన్నీ కనిపించే వీలుంది. ఆ వరుసను నొక్కి లాగౌట్ చేయడానికి పట్టేది పది సెకన్లు.

సెల్ షాపులది ఇంకో తీరు. మొదటి స్మార్ట్‌ఫోన్ కొన్న రోజున జీమెయిల్, ఫేస్‌బుక్ రెండూ అక్కడే తెరిపించుకున్న పెద్దవాళ్లు ఎంతోమంది. పాస్‌వర్డ్ పెట్టింది షాపు కుర్రాడు. రికవరీ నంబరు కూడా ఒక్కోచోట అతనిదే. అతనికి చెడు ఉద్దేశం లేకపోవచ్చు, కానీ అకౌంట్ తాళంచెవి ఒకటి కౌంటర్ వెనకే ఉండిపోయింది. ఆ షాపులోనే పాత ఫోన్ ఎక్స్‌చేంజ్‌లో ఇచ్చి, ఫ్యాక్టరీ రీసెట్ చేయకుండా వచ్చేస్తే జాబితాలో ఆ పాత మోడల్ ఏదో ఒక రోజు కదలడం మొదలుపెడుతుంది.

వలసలు ఎక్కువగా ఉన్న పాలమూరులో ముంబై, పుణె పేర్లకు వేరే లెక్క కూడా ఉంటుంది. నారాయణపేట వైపు ఊళ్లో ఉన్న తల్లి ఫోన్‌లోని అకౌంట్‌ను పనికి వెళ్లిన కొడుకు అక్కణ్ణుంచి తెరిచి ఫోటోలు చూస్తుంటాడు. నల్లగొండ, సూర్యాపేట ఇళ్లలో అయితే అమెరికాలో ఉన్న కూతురు నాన్న జీమెయిల్ తన ల్యాప్‌టాప్‌లో పెట్టుకుని పెన్షన్ కాగితాలో, వీసా అపాయింట్‌మెంటో చూస్తుంటుంది. టెక్సాస్ లాగిన్ చూసి నాన్న కంగారుపడి అన్నీ లాగౌట్ కొడతాడు, అక్కడ కూతురు పని ఆగిపోతుంది. ఒక్క ఫోన్ కాల్‌తో తేలే సంగతి.

ఊళ్లలో రాజకీయాలు సోషల్ మీడియాకు ఎక్కినప్పటి నుంచి ఇంకొకటి పెరిగింది. 2025 డిసెంబరు పంచాయతీ ఎన్నికల్లాంటి సమయాల్లో అభ్యర్థి సొంత ఫేస్‌బుక్‌ను నలుగురు కుర్రాళ్లు నడుపుతారు. పేజీ పెట్టి వాళ్లకు అడ్మిన్ బాధ్యతలిస్తే ఏ గొడవా లేదు. అలా కాకుండా పాస్‌వర్డే చేతిలో పెడతారు. ఎన్నికలు అయిపోయాక ఆ నలుగురిలో ఒకరు అవతలి వర్గంలో చేరినా, అకౌంట్ మాత్రం అతని ఫోన్‌లో తెరిచే ఉంటుంది.

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. తెలియని సెషన్లలో మనసుకు కష్టమైన రకం ఇదే: భర్తో, అన్నో, స్నేహితుడో ఫోన్ చేతికి దొరికిన రెండు నిమిషాల్లో వాట్సాప్‌ను తన ల్యాప్‌టాప్‌కు కలిపేసుకోవడం. ఊరు అదే, వైఫై అదే, కాబట్టి ఏమీ తేడా కనిపించదు. ఇక్కడ హడావుడిగా లాగౌట్ చేస్తే అవతలి మనిషికి వెంటనే తెలిసిపోతుంది. గొడవ, బెదిరింపు ఉన్న ఇళ్లలో ముందు స్క్రీన్‌షాట్ తీసి నమ్మకమైన వాళ్లకు చూపించి, సురక్షితంగా ఉన్నప్పుడు తెంచడం మంచిది. ఆడపిల్లల విషయంలో జిల్లాల్లోని షీ టీమ్స్‌ను కలవొచ్చు.

నిజంగానే ఎవరో దూరితే

బయటి మనిషి దూరాడా లేదా అన్నది సెషన్ వరుస కన్నా, దాని తర్వాత అకౌంట్లో ఏం మారిందన్నది చెబుతుంది. డబ్బు కోసం వచ్చినవాడు ఊరికే చూసి పోడు. తను మళ్లీ రావడానికి దారి వేసుకుంటాడు. తన మెయిల్‌నో నంబరునో జతచేస్తాడు. ఫేస్‌బుక్ అకౌంట్స్ సెంటర్‌లో తన ఇన్‌స్టాగ్రామ్‌ను కలిపేస్తాడు, అప్పుడు పాస్‌వర్డ్ మార్చినా ఆ పక్క గుమ్మం తెరిచే ఉంటుంది. రెండంచెల భద్రతను తన ఫోన్‌తో ఆన్ చేసి అసలు యజమానినే బయట నిలబెడతాడు. జీమెయిల్‌లో అయితే ఫేస్‌బుక్ నుంచి వచ్చే మెయిళ్లు నేరుగా చెత్తబుట్టలోకి పోయేలా ఫిల్టర్ పెడతాడు. కాబట్టి లాగిన్ జాబితాతో పాటు కాంటాక్ట్ వివరాలు, అకౌంట్స్ సెంటర్, మెయిల్ ఫిల్టర్లు, ఆర్కైవ్‌లో ఉన్న చాట్లు చూడాలి. ఇవేవీ కదలకుండా ఒక్క ఊరి పేరే కొత్తగా ఉంటే భయపడాల్సిన పని తక్కువ.

వాట్సాప్‌లో ఇప్పుడు నడుస్తున్న మోసం ఎక్కువగా లింకింగ్ మీదే, అంటే ఇంకో పరికరాన్ని మన వాట్సాప్‌కు కలపడం మీదే. 'ఈ ఫోటోలో ఉన్నది నువ్వేనా' అని తెలిసినవాళ్ల నంబరు నుంచే మెసేజ్, లింకు నొక్కితే ఫేస్‌బుక్ లాంటి పేజీ, అందులో ఫోన్ నంబరు అడిగి ఒక కోడ్ చూపించి, దాన్ని వాట్సాప్‌లో కొట్టమంటుంది. ఆ కోడ్ కొట్టడమంటే మోసగాడి బ్రౌజర్‌ను మన చేత్తో మన వాట్సాప్‌కు కలపడమే. ఓటీపీ ఎవరికీ చెప్పలేదు, సిమ్ పోలేదు, ఫోన్ మామూలుగానే పనిచేస్తుంది. లింక్డ్ డివైజెస్ తెరిస్తే తప్ప తెలియదు. 2025 డిసెంబరులో కేంద్రప్రభుత్వ సైబర్ భద్రత సంస్థ సెర్ట్-ఇన్ దీని మీద హెచ్చరిక జారీ చేసింది.

ఇంకో రెండు విషయాల్లో జనం పొరబడుతుంటారు. ఒకటి, నకిలీ ప్రొఫైల్. ఎవరో ఫోటో, పేరు కాపీ కొట్టి వేరే అకౌంట్ తెరిచి స్నేహితులను డబ్బులడిగితే, అసలు అకౌంట్‌లోకి ఎవరూ దూరలేదు. లాగిన్ జాబితా ఎంత వెతికినా ఏమీ దొరకదు, పాస్‌వర్డ్ మార్చినా ఉపయోగం లేదు. ఆ నకిలీని రిపోర్ట్ చేయించడమే పని. రెండు, దొంగ హెచ్చరికలు. 'తెలియని లాగిన్ జరిగింది, ఇక్కడ నొక్కండి' అన్న మెయిలే గాలం కావచ్చు. ఫేస్‌బుక్ భద్రత మెయిళ్లు ఫేస్‌బుక్‌మెయిల్ డాట్ కామ్ అడ్రస్ నుంచి వస్తాయి. ఇన్‌స్టాగ్రామ్ యాప్ సెట్టింగ్స్‌లోనే ఆ కంపెనీ ఈ మధ్య పంపిన మెయిళ్ల జాబితా ఉంటుంది. మెయిల్‌లోని లింకు జోలికి అసలు పోకుండా యాప్ తెరిచి జాబితా చూసుకుంటే ఈ బాధ ఉండదు.

చేసే పనుల వరుస

వరుస తప్పితే కష్టమంతా వృథా. ముందు స్క్రీన్‌షాట్లు. లాగౌట్ కొట్టాక ఆ వరుస పోతుంది, దానితో సాక్ష్యం కూడా. తర్వాత ఫోన్ శుభ్రంగా ఉందా అని చూడాలి. పీఎం కిసాన్ అనో, ట్రాఫిక్ చలానా అనో, పెళ్లి పత్రిక అనో వాట్సాప్ గ్రూపుల్లో వచ్చే ఏపీకే ఫైలును (ప్లేస్టోర్‌తో పనిలేకుండా నేరుగా యాప్ ఎక్కించే ఫైలు) ఎక్కించి ఉంటే, అది ఎస్ఎంఎస్‌లు చదువుతూ ఓటీపీలు బయటికి పంపుతుంటుంది. అలాంటి ఫోన్‌లో కూర్చుని పాస్‌వర్డ్ మారిస్తే కొత్త పాస్‌వర్డ్‌ను దొంగ చేతికి ఇచ్చినట్టే. వేరే ఫోన్‌లోంచి చేయాలి. మొదట మార్చాల్సింది జీమెయిల్ పాస్‌వర్డ్, ఎందుకంటే మిగతా అన్నిటి రీసెట్ లింకులు వచ్చేది దానికే. ఆ తర్వాత ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌లలో అన్ని సెషన్లూ తెంచి, కొత్త పాస్‌వర్డ్ పెట్టి, తెలియని మెయిల్, నంబరు తీసేసి, ఎస్ఎంఎస్‌కు బదులు ఫోన్‌లోనే కోడ్ పుట్టించే ఆథెంటికేటర్ యాప్‌తోనో, వేలిముద్రో ఫోన్ లాకో తీసి వెళ్లే పాస్‌కీతోనో రెండంచెల భద్రత పెట్టాలి. ఫోన్ దగ్గర లేనప్పుడు లోపలికి వెళ్లడానికిచ్చే బ్యాకప్ కోడ్లు కాగితం మీద రాసి బీరువాలో దాచుకున్నా తప్పు లేదు. ఫేస్‌బుక్‌తో లాగిన్ అయిన ఆటలు, క్విజ్ యాప్‌లకు వేరే అనుమతులు ఉంటాయి. సెషన్లు తెంచినంత మాత్రాన అవి పోవు, విడిగా తీసేయాలి.

పాత నంబరు సంగతి మరువకూడదు. రీఛార్జ్ చేయక వదిలేసిన నంబరును టెలికాం కంపెనీలు కనీసం 90 రోజులు పక్కన పెట్టి, తర్వాత ఇంకొకరికి ఇచ్చేయొచ్చు. ఫేస్‌బుక్‌లో ఆ నంబరు అలాగే ఉంటే, కొత్తగా ఆ సిమ్ కొన్న అమాయకుడు తన అకౌంట్ తెరవబోయి మనదాంట్లోకి వచ్చే అవకాశం ఉంది. అతను దొంగ కాదు, అతనికీ అయోమయమే.

డబ్బు పోయి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి, జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టాలి. డబ్బు పోకపోయినా వేరొకరి పాస్‌వర్డ్‌ను మోసంతో వాడటం ఐటీ చట్టం 66సీ కింద నేరమే, మూడేళ్ల వరకు జైలు, లక్ష వరకు జరిమానా. ఫిర్యాదులో 'నా అకౌంట్ హ్యాక్ అయింది' అన్న ఒక్క ముక్కతో పోలీసులు చేయగలిగింది తక్కువ. ఫేస్‌బుక్‌లో మన సమాచారాన్ని డౌన్‌లోడ్ చేసుకునే వీలుంది. అందులో భద్రత, లాగిన్ వివరాల భాగంలో ఐపీ అడ్రసులు, తేదీ, సమయం ఉంటాయి. వాటిని జతచేయాలి. ఒకే అడ్రస్ వెనక ఎంతోమంది ఉంటారు కాబట్టి, ఆ సమయం సెకన్లతో సహా, ఏ టైమ్ జోన్‌లోదో స్పష్టంగా ఉంటేనే టెలికాం కంపెనీ అందులోంచి ఒక మనిషిని వేరు చేసి చూపించగలదు. ఏ అడ్రస్ ఎప్పుడు ఎవరు వాడారన్న రికార్డులను టెలికాం కంపెనీలు కనీసం రెండేళ్లు ఉంచాలని 2021 చివర్లో లైసెన్సు నిబంధనల్లో చేర్చారు. ఇతర ఇంటర్నెట్ సంస్థలకు 2022 ఏప్రిల్‌లో సెర్ట్-ఇన్ పెట్టిన గడువు మాత్రం 180 రోజులే. ఆరు నెలలు దాటాక ఫిర్యాదు చేస్తే, అవతలి సర్వర్లలో చూపించడానికి ఏమీ మిగలకపోవచ్చు.